కృత్రిమ రాయి అని చెప్పి పగడాన్ని పంపారు

విశాఖపట్నం,
18-06-2025

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

విషయం: మే నెలలో మీ దగ్గర కొన్న 20 కిలోల రీఫ్ రాక్ గురించి ఫిర్యాదు

మేనేజర్ గారూ, నమస్కారం.

మే 22న మీ వెబ్‌సైట్‌లో 20 కిలోల రీఫ్ రాక్ (ఉప్పునీటి చేపల తొట్టెలో పెట్టే రాయి) ఆర్డర్ పెట్టి, 9,800 రూపాయలు ముందుగానే కట్టాను. మీ పేజీలో ఇలా ఉంది: ఇది మనుషులు తయారుచేసిన రాయి, సముద్రంలోంచి తీసింది కాదు, బ్యాక్టీరియా ముందే పట్టించాం, నేరుగా తొట్టెలో పెట్టుకోవచ్చు. ఆ పేజీ ఫొటో, బిల్లు ఈ ఉత్తరంతో జతచేశాను. సముద్రంలోంచి తీసింది కాదన్న ఒక్క మాట చూసే మీ దగ్గర కొన్నాను. తెలిసినవాళ్ళు ఇంతకంటే చవగ్గా లైవ్ రాక్, అంటే సముద్రంలోంచి జీవులతో సహా తీసిన రాయి, ఇప్పిస్తామన్నా వద్దన్నాను.

మే 27 ఉదయం థర్మోకోల్ పెట్టె వచ్చింది. మూత తీయగానే, సముద్రం వెనక్కి తగ్గినప్పుడు ఒడ్డు రాళ్ళ దగ్గర వచ్చే పచ్చి వాసన గుప్పుమంది. తడి తమిళ పేపర్లలో చుట్టిన నాలుగు రాళ్ళు ఉన్నాయి. పేపర్ చూసి ఎక్కడి రాయో తేల్చేయడం న్యాయం కాదని తెలుసు. కానీ సిమెంటుతో చేసిన రాయికి ఆ వాసన ఎందుకొస్తుందని అప్పుడే ఆగి ఆలోచించాల్సింది. ఆలోచించలేదు, మీ మాట నమ్మాను. మూడు చిన్న రాళ్ళు నేరుగా తొట్టెలో పెట్టాను. నాలుగోది పెద్దది, పట్టలేదు. దాన్ని టబ్బులో ఉప్పునీళ్ళు కలిపి, చిన్న పంపు పెట్టి అందులో ఉంచాను.

మర్నాడు పొద్దున్నే తొట్టె అడుగున క్లీనర్ రొయ్య వెల్లకిలా పడి ఉంది. టెస్ట్ కిట్‌తో చూస్తే, ఏవైనా కుళ్ళినప్పుడు పుట్టే విషం అమ్మోనియా ఒక పీపీఎం (పది లక్షల్లో ఒక వంతు) ఉంది. ఏడాదిన్నరగా ఆ తొట్టెలో సున్నా తప్ప ఇంకో అంకె చూడలేదు నేను. రాళ్ళ మీద ఉన్న స్పాంజీలు, పురుగులు దారిలోనే చచ్చి కుళ్ళడం మొదలైందన్నమాట. వెంటనే రాళ్ళు తీసేసి 60 లీటర్ల నీళ్ళు మార్చాను. అయినా సాయంత్రానికి గోబీ చేప కూడా పోయింది. క్లౌన్ ఫిష్ జంట మాత్రం బతికింది. కొత్త రాయిని వేరే టబ్బులో కొన్ని వారాలు ఉంచి, అమ్మోనియా సున్నాకి వచ్చాకే తొట్టెలో పెట్టాలని ఈ పని తెలిసిన ప్రతి ఒక్కరికీ తెలుసు, నాకూ తెలుసు. నేరుగా పెట్టుకోవచ్చని మీరు రాయబట్టే ఆ జాగ్రత్త వదిలేశాను.

ఇంతవరకూ అయితే డబ్బు వెనక్కిమ్మని నాలుగు ముక్కలు రాసి ఊరుకునేదాన్ని. అసలు విషయం టబ్బులో ఉన్న నాలుగో రాయి.

మే 29 రాత్రి పదిన్నరకి, లైట్లన్నీ ఆపాక, పురుగులేమైనా ఉన్నాయేమోనని టార్చి వేసి చూశాను. రాయి ఒక పక్క గోధుమరంగు పొర కప్పుకుని ఉంది. ఆ పొర కింద తేనెపట్టు గదుల్లా పక్కపక్కనే గుంటలు, ఒక్కో గుంటలో గోడ నుంచి మధ్యకి సాగిన సన్నటి పలకలు. ఆ గుంటల అంచున, వెంట్రుక కంటే కాస్త లావుగా, కొసలు తెల్లగా ఉన్న చిన్న చిన్న చేతులు బయటికి చాచి ఉన్నాయి. టార్చి దగ్గరగా తెచ్చేసరికి ఒక్కొక్కటే లోపలికి ముడుచుకున్నాయి. పక్కనే మా పాప నిలబడి ఉంది. "అమ్మా, ఇది బతికే ఉంది" అంది.

రాయిని తిప్పి చూశాను. అడుగున పగలగొట్టిన చోటు సుద్దముక్కలా తెల్లగా, కొత్తగా ఉంది. ఉలి దిగిన గాడి ఒకటి స్పష్టంగా కనబడింది. ఫొటోలో మీకూ కనబడుతుంది.

అది గట్టి పగడం, సున్నంతో ఎముక కట్టుకునే జీవి. జానెడు కంటే కాస్త తక్కువ వెడల్పు. ఇలాంటి గుండ్రటి పగడాలు ఏడాదికి కొన్ని మిల్లీమీటర్లు, సాధారణంగా ఒక సెంటీమీటరు దాకా పెరుగుతాయి. అంత కావడానికి పదేళ్ళ పైనే పట్టి ఉండొచ్చు.

మర్నాడే మీ ఆఫీసుకి ఫోన్ చేశాను. మీ ప్రతినిధి మర్యాదగానే మాట్లాడారు, ఆ విషయంలో నాకు ఫిర్యాదు లేదు. కానీ నేను చెప్పిందంతా విని, "రాయే కదండీ మేడమ్, ఇంకో ఐదు కిలోలు ఫ్రీగా పంపిస్తాం" అన్నారు. ఈ ఉత్తరం రాయడానికి కారణం ఆ మాటే.

అది రాయి కాదు. వేల ఏళ్ళుగా జీవులు ఒకదాని మీద ఒకటి కట్టుకుంటూ వచ్చిన ఇల్లు. సముద్రం అడుగున ఒక్క శాతం కూడా లేని పగడపు దిబ్బల్లో సముద్ర జీవుల్లో నాలుగోవంతు రకాలు బతుకుతున్నాయి. పగడం ఒంట్లో కంటికి కనబడని నాచు ఉంటుంది, ఎండలో తిండి తయారుచేసి పెడుతుంది. నీళ్ళు మామూలు వేసవి వేడి కంటే ఒక్క డిగ్రీ ఎక్కువై కొన్ని వారాలు అలాగే ఉంటే ఆ నాచుని పగడం బయటికి తోసేసి తెల్లబడిపోతుంది. వేడి తగ్గకపోతే ఆకలితో చస్తుంది. 1998, 2010, 2016లో అండమాన్, లక్షద్వీప్, తమిళనాడు తీరంలోని మన్నార్ సింధుశాఖ పగడాలకి అదే జరిగింది. మే నెలలో కరెంటు పోయి నా తొట్టెలో నీళ్ళు 26 నుంచి 28 డిగ్రీలకి చేరితేనే నాకు టెన్షన్. నీళ్ళ మీదికి ఫ్యాన్ తిప్పి పెట్టుకుని కూర్చుంటాను. సముద్రానికి ఫ్యాన్ ఎవరు తిప్పుతారు?

మన్నార్ సింధుశాఖలో సున్నం కోసం పగడాన్ని దశాబ్దాల పాటు తవ్వారు. 1986లో అక్కడ మెరైన్ నేషనల్ పార్కు ప్రకటించారు. అందులో ఉన్న 21 దీవుల్లో రెండు ఇప్పుడు నీళ్ళ కింద ఉన్నాయి. కాపలా కాసే దిబ్బ పోతే దీవిని అలలు తినేస్తాయి. మీ రాయి అక్కడిదని నేననడం లేదు. ఎక్కడిదో మీరే చెప్పాలి.

మా ఇంట్లో ఈ తొట్టె ఎలా వచ్చిందో కూడా చెప్పాలి. 2019లో అండమాన్‌లోని హేవ్‌లాక్ దీవికి వెళ్ళినప్పుడు, ఎలిఫెంట్ బీచ్ దగ్గర స్నార్కెల్ పెట్టుకుని మొదటిసారి నీళ్ళలోకి తల ముంచాను. పారట్ ఫిష్ పగడాన్ని కొరుకుతున్న చప్పుడు, నీళ్ళలో కరకరమని, ఇప్పటికీ చెవిలో ఉంది. ఇంటికొచ్చాక నాలుగేళ్ళు చదువుకుని, అడిగి తెలుసుకుని, 2023 నవంబరులో 200 లీటర్ల తొట్టె మొదలుపెట్టాం. గట్టి పగడం పెట్టకూడదని మొదటిరోజే అనుకున్నాం. వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో 2001 నుంచి గట్టి పగడాలన్నీ ఉన్నాయి. పులికి ఉన్న రక్షణే వాటికీ ఉంది. మా తొట్టెలో ఉన్నవి స్నేహితురాలు తన తొట్టెలోంచి కోసి ఇచ్చిన, గట్టి ఎముక లేని మష్రూమ్, జోయాంథిడ్ జీవుల ముక్కలు. క్లౌన్ ఫిష్ హేచరీలో (చేపపిల్లల్ని పుట్టించి పెంచే కేంద్రంలో) పుట్టినవి. సీఎంఎఫ్‌ఆర్‌ఐ (కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ) శాస్త్రవేత్తలు క్లౌన్ ఫిష్‌ని హేచరీలో పెంచే పద్ధతి ఎప్పుడో సాధించారు. సముద్రాన్ని ముట్టుకోకుండా ఈ పని చేయొచ్చని మా నమ్మకం. దిబ్బని చూసి ఇష్టపడ్డవాళ్ళం, ఆ దిబ్బ ముక్కని ఇంట్లో ఎలా పెట్టుకుంటాం? మీ అబద్ధం వల్ల అదే జరిగింది.

ఆ పగడాన్ని బతికించాలని చూశాను. స్నేహితురాలి దగ్గర మంచి లైటు తెచ్చి టబ్బు మీద వేలాడదీశాను. రోజూ ఉప్పు (నీళ్ళ సాంద్రత కొలతలో) 1.025 దగ్గర, వేడి 26 దగ్గర ఉంచాను. జూన్ 2న అంచు దగ్గర పొర మీగడలా విడిపోవడం మొదలైంది. పంపు తోసే నీళ్ళకి ఊగుతూ పోగులుగా ఊడింది. జూన్ 4 సాయంత్రానికి తెల్లటి ఎముక మిగిలింది. మా పాప ఆ రోజు టబ్బు దగ్గరికి రాలేదు.

ఇలాంటి పగడం ఇంట్లో ఉండటమే నేరమని తెలుసు కాబట్టి, జూన్ 9న నాలుగు రాళ్ళనీ, జరిగింది రాసిన ఉత్తరంతో సహా, అటవీశాఖ కార్యాలయంలో అప్పగించి రసీదు తీసుకున్నాను. ఎవరి దగ్గర కొన్నానని అడిగారు, చెప్పాను.

నాకు ఐదు కిలోల ఫ్రీ రాయి వద్దు. ఆ రాళ్ళు మీకు ఎవరు సరఫరా చేశారు, ఏ తీరం నుంచి వచ్చాయి అన్నది రాతపూర్వకంగా కావాలి. ఆ పేజీని వెంటనే తీసేయాలి. ఇదే రాయి కొన్న మిగతా కస్టమర్లందరికీ అందులో ఏముందో చెప్పాలి, ఎందుకంటే వాళ్ళ ఇళ్ళల్లో టబ్బుల్లో ఇంకొన్ని బతికే ఉండొచ్చు. నేను కట్టిన 9,800 వెనక్కి ఇవ్వాలి. రొయ్యకి, గోబీకి నేను లెక్క కట్టడం లేదు.

ఈ ఉత్తరం అందిన 15 రోజుల్లో జవాబు రాకపోతే, తప్పుడు ప్రకటన కింద 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం జిల్లా కమిషన్‌లో కేసు వేస్తాను. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో ఫిర్యాదు ఇప్పటికే నమోదు చేశాను.

జవాబు రాసేటప్పుడు దయచేసి అందులో "రాయి" అని రాయకండి.

ఇట్లు,
మీ కస్టమర్

జతపరచినవి: బిల్లు, వెబ్‌పేజీ ఫొటో, మే 27 నుంచి జూన్ 4 వరకు తీసిన ఫొటోలు 11, అటవీశాఖ రసీదు నకలు