పాత సైలెన్సర్ కొయ్యొద్దు బాబాయ్

కెమ్నిట్స్, జర్మనీ
నవంబరు 9

బాబాయ్‌కి,

నేను బాగున్నాను. ఇక్కడ సాయంత్రం నాలుగున్నరకే చీకటి పడుతోంది. పని నుంచి వచ్చేసరికి రాత్రిలా ఉంటుంది, అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

ఆదివారం తమ్ముడు ఫోన్ చేసినప్పటి నుంచి నా మనసంతా మన యమహా ఆర్‌ఎక్స్ 100 బండి మీదే ఉంది. సైలెన్సర్ అడుగున తుప్పు పట్టి చిల్లు పడిందట. దాన్ని సగానికి కోయించి వెనక పొట్టి గొట్టం పెట్టిస్తానన్నాడు. సౌండ్ అదిరిపోతుందట, పికప్ కూడా పెరుగుతుందట. నువ్వు వద్దన్నావని, ఎందుకు వద్దో చెప్పకుండా కోప్పడ్డావని పిన్ని చెప్పింది. నీ కోపం న్యాయమైనదే. కానీ వాడికి కారణం కావాలి. అదే రాస్తున్నాను, వాడికీ చదివి వినిపించు.

ఆటోనగర్‌లో నువ్వు ఇన్నేళ్లుగా లారీ సైలెన్సర్లు అతికావు. లారీకైనా బుల్లెట్‌కైనా పొగ దారిని తెరిచి మూసే వాల్వులుంటాయి. ఆర్‌ఎక్స్‌లో అవి లేవు. సిలిండర్ గోడకున్న కంతలను పిస్టనే పైకీ కిందికీ వెళ్తూ తెరిచి మూస్తుంది. పొగ బయటికి పోయే కంత, కొత్త పెట్రోలు గాలి లోపలికి వచ్చే కంత కాసేపు రెండూ ఒకేసారి తెరిచి ఉంటాయి. పొగతో పాటు కాలని పెట్రోలు కూడా జారిపోవాల్సిందే. పోకుండా ఆపేది సైలెన్సరే.

ఎలా ఆపుతుందో చెబుతాను. చిన్నప్పుడు మన ఊరి నూతిలోకి కేక వేస్తే తిరిగి వచ్చేది గుర్తుందా? అదే సంగతి. పొగ కంత తెరుచుకోగానే ఒక దెబ్బలాంటి అల గొట్టంలోకి పరుగెడుతుంది. గొట్టం గరాటులా వెడల్పయ్యే చోట అది పీల్చే అలగా వెనక్కి మళ్లుతుంది. మిగిలిన పొగను లాగేస్తుంది, కొత్త గాలిని కూడా ముందుకు గుంజుతుంది. కొంత పెట్రోలు గాలి సైలెన్సర్ మెడలోకి కూడా వచ్చేస్తుంది. ఆ తర్వాత గొట్టం మళ్లీ సన్నబడే గరాటు దగ్గర ఇంకో అల తోసే అలగా తిరిగి వస్తుంది. బయటికొచ్చిన పెట్రోలు గాలిని సిలిండర్‌లోకి నెడుతుంది. సరిగ్గా అప్పుడే పిస్టన్ కంత మూయాలి.

లెక్క కూడా వేసి చూశాను. ఆర్‌ఎక్స్‌కి 11 హార్స్ పవర్ వచ్చేది 7,500 ఆర్‌పీఎం దగ్గర. అంటే సెకనుకు 125 చుట్లు, చుట్టుకి 8 మిల్లీ సెకన్లు. పొగ కంత సుమారు సగం చుట్టు తెరిచి ఉంటుందనుకుంటే 4 మిల్లీ సెకన్లు. వేడి పొగలో అల వేగం సెకనుకు 500 మీటర్ల దరిదాపు. ఆ వ్యవధిలో అది వెళ్లి రాగలిగేది రెండు మీటర్లు, వెళ్లడానికి ఒక మీటరు. సైలెన్సర్ అంత పొడుగు ఎందుకుందో ఇప్పుడు తమ్ముడికి అర్థమవుతుంది. సగానికి కోస్తే తోసే అల రావాల్సిన సమయానికి రాదు. చప్పుడు పెరుగుతుంది, బండి గుంజడం తగ్గుతుంది, పెట్రోలు వృథాగా పోతుంది.

నేనుండే ఊరికి దగ్గరలోనే చోపావు అనే చిన్న పట్నం ఉంది. పోయిన నెల అక్కడి విల్డెక్ కోటలో ఉన్న మోటార్ సైకిళ్ల ప్రదర్శన చూసి వచ్చాను. ఒకప్పుడు డీకేడబ్ల్యూ అనే మోటార్ సైకిళ్ల కంపెనీ ఫ్యాక్టరీ ఆ ఊళ్లోనే ఉండేది. వాళ్ల ఆర్‌టీ 125 నమూనా చూసే యమహా 1955లో తన మొదటి బండి వైఏ-1 చేసింది. యుద్ధం తర్వాత అదే ఊళ్లో ఎంజెడ్ కంపెనీ రేసు బండ్ల పని చూసుకున్న ఇంజనీరు వాల్టర్ కాడెన్. ఇందాక చెప్పిన అలల లెక్కను 1950లలో రేసు బండ్ల మీద తేల్చింది ఆయనే. 1961 నాటికి 125 సీసీ ఇంజన్ నుంచి 25 హార్స్ పవర్ తీశాడు. ఆ ఏడే ఆయన రేసర్ ఎర్న్‌స్ట్ డెగ్నర్ తూర్పు జర్మనీ నుంచి తప్పించుకుని సుజుకీలో చేరాడు. మరుసటి ఏడు 50 సీసీలో ప్రపంచ చాంపియన్ అయ్యాడు. ఆ విద్య అలా జపాన్ చేరింది. పటమటలో మన వరండాలో నిలబెట్టిన బండి మూలాలు నేను బస్సెక్కి వెళ్లొచ్చే ఊళ్లో ఉన్నాయని తెలిసి ఆ కోటలో చాలాసేపు నిలబడిపోయాను బాబాయ్.

ఇక పని సంగతి. పాత సైలెన్సర్ కొయ్యొద్దు. దాన్ని చూసే కొత్తది చేయాలి, అదే మన కొలత. కాస్టిక్ సోడా నీళ్లలో నానబెట్టి లోపలి కార్బన్, నూనె జిడ్డు పోగొట్టించు. చేతికి గ్లౌజులు, కళ్లకు అద్దాలు ఉండాలి, అల్యూమినియం వస్తువు ఏదీ ఆ నీళ్లలో పడకూడదు. తర్వాత బయటి చుట్టుకొలత ప్రతి 50 మిల్లీ మీటర్లకీ టేపుతో తీసి రాయించు. వెనక చప్పుడు తగ్గించే బ్యాఫిల్ విప్పి దాని సన్న గొట్టం లోపలి వ్యాసం కూడా రాయించు. ఆ కొలత అన్నిటికన్నా ముఖ్యం. అది మరీ సన్నబడితే వేడి లోపలే ఉండిపోయి పిస్టన్ చెడుతుంది. మరీ వెడల్పైతే సైలెన్సర్ చేసే పని తగ్గిపోతుంది.

కొత్తది 1 మిల్లీ మీటర్ సీఆర్ షీట్‌తో (పూత లేని ఉక్కు రేకు) చెయ్యి. జింకు పూత ఉన్న జీఐ రేకు జోలికి పోవద్దు. వెల్డింగ్‌లో దాని జింకు పొగ పీల్చి ఇక్కడ మా షాపులో ఒకతను రాత్రంతా జ్వరంతో వణికాడు. గరాటు ముక్క కోయడానికి లెక్క ఇది. ఒక వైపు వ్యాసం 38, ఇంకో వైపు 80, పొడవు 300 మిల్లీ మీటర్లు అనుకో (ఇవి లెక్క చూపడానికే, మన బండి కొలతలు కావు). వాలు పొడవు 300.7 వస్తుంది. దాన్ని 80తో హెచ్చించి, వ్యాసాల తేడా 42తో భాగిస్తే 573. అది బయటి కంపాస్ గీత వ్యాసార్థం. అందులోంచి వాలు పొడవు తీసేస్తే 272, అది లోపలి గీత వ్యాసార్థం. 180ని 42తో హెచ్చించి వాలు పొడవుతో భాగిస్తే ముక్క కోణం 25 డిగ్రీలు. ముందు అట్ట మీద గీసి, కత్తిరించి, చుట్టి చూడమను. అట్టతో కుదిరాకే రేకు కోయాలి.

వంపు కావాలంటే గరాటును ఏటవాలుగా కోసి, ఒక ముక్కను సగం చుట్టు తిప్పి అతికితే చాలు. కోసిన ఏటవాలుకి రెట్టింపు వంగుతుంది. వెల్డింగ్ ఆర్గాన్‌తో గానీ నీ గ్యాస్‌తో గానీ చెయ్యి. ఆర్క్ రాడ్‌తో పలచటి రేకు కాలి చిల్లులు పడుతుంది. నా మొదటి గరాటుకి ట్యాకులు (ముందుగా వేసే చుక్క అతుకులు) దూరదూరంగా వేసి ఒకే ఊపులో అతికేశాను. వేడికి అరటి డొప్పలా మెలి తిరిగింది, పారేయాల్సి వచ్చింది. తర్వాత 20 మిల్లీ మీటర్లకో ట్యాక్ వేసి, ఇటు కాస్త అటు కాస్త అతికాను. కుదిరింది. ఫ్రేముకి బిగించే చోట రబ్బరు బుష్ తప్పకుండా ఉండాలి, లేకపోతే వణుకుకి అతుకు చీలుతుంది.

కట్టాక వెంటనే జోరుగా తోలనివ్వకు. కాస్త దూరం తోలి, ఇంజన్ ఆపి స్పార్క్ ప్లగ్ విప్పి చూడు. కాఫీ పొడి రంగులో ఉంటే సరే. తెల్లగా ఉంటే పెట్రోలు చాలడం లేదు, కార్బురేటర్‌లో పెట్రోలు వదిలే మెయిన్ జెట్ పెద్దది వెయ్యి. లేకపోతే ఇంజన్ పట్టేస్తుంది.

బ్యాఫిల్ తీసేసి తిరగడం మాత్రం వద్దని వాడికి గట్టిగా చెప్పు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 190(2) కింద మొదటిసారికే 10,000 రూపాయల వరకు జరిమానా, మూడు నెలలు జైలు కూడా పడొచ్చు. లైసెన్స్ మూడు నెలలు పోతుంది. అన్నిటికన్నా, మన పక్కింటి తాతగారు గుండె జబ్బు మనిషి. తెల్లవారుజామున బెంజి సర్కిల్ వైపు బండి తీసేటప్పుడు ఆయన ఉలిక్కిపడి లేవడం నాకిష్టం లేదు.

కొలతలు రాసిన కాగితం ఫోటో తీసి పంపమను, ఇక్కడ గరాటులన్నీ అసలు సైజులో గీసి పంపుతాను. ప్రింటు తీసి రేకు మీద అతికిస్తే గీత పని ఉండదు. సంక్రాంతికి వస్తున్నాను. చివరి గరాటు అతకకుండా ఉంచు, అది నేనే చేస్తాను, నువ్వు పక్కన నిలబడు. పిన్ని మోకాలికి డాక్టరు ఏమన్నాడో ఈసారి ఫోన్‌లో దాచకుండా చెప్పమను.

నీ పెద్దమ్మాయి