పడవలోకి నీళ్ళెక్కణ్ణుంచి వస్తున్నాయంటే

సియాటిల్,
నవంబరు

నాన్నా,

ఫోనులో "పడవలో నీళ్ళొస్తున్నాయి" అన్నానో లేదో అమ్మ నీ చేతిలోంచి ఫోను లాక్కుని, "ఆ దరిద్రాన్ని వెంటనే అమ్మేయండి" అని పెట్టేసింది. మిగతాది చెప్పనిస్తేగా! అందుకే ఈ ఉత్తరం. ఇంజన్లూ పంపులూ నీకు కొట్టిన పిండి కాబట్టి నీకు తేలిగ్గా అర్థమవుతుంది. అమ్మకి నచ్చజెప్పే పని మాత్రం నీదే.

ముందే చెప్తున్నా, పడవేమీ మునగట్లేదు. ఇరవై ఏడడుగుల తెరచాప పడవ. 1970ల్లో చేసిన ఫైబర్ పడవ, పాత కారు ధరకి దొరికింది. అంత పాతదాంట్లో ఎక్కడా తడి లేకపోతేనే ఆశ్చర్యపోవాలి. అడుగున అన్నిటికంటే పల్లంగా ఒక గుంట ఉంటుంది, బిల్జ్ అంటారు. ఏ మూల కారినా నీళ్ళు చివరికి అక్కడికే చేరతాయి. అందులో ఒక చిన్న పంపు ఉంది. నీళ్ళు పెరగ్గానే దాని స్విచ్చి తేలి, దానంతటదే తోడేస్తుంది. మాకు ముందు ఈ పడవ ఉన్నాయన ఆ పంపు మీద భారం వేసి నిశ్చింతగా ఉన్నట్టున్నాడు. నాకు మాత్రం అలాంటి పంపంటే అనుమానమే. అది ఆడుతున్నంతకాలం పడవ కారుతోందన్న సంగతే బయటపడదు. బ్యాటరీ అయిపోయిన రాత్రి గానీ తెలీదు.

మొదటి పరీక్ష నాలుకతోనే. నవ్వకు. డీజిలు తెట్టు లేదని చూసుకుని, బిల్జ్ నీళ్ళలో వేలు ముంచి ఒక్క చుక్క రుచి చూడటం. మేం పడవ కట్టేది సముద్రం వైపు. ఉప్పగా ఉంటే నీటిమట్టం కిందే ఎక్కడో దారి ఉందన్నమాట, అప్పుడు మిగతా పనులన్నీ ఆపి అదే వెతకాలి. చప్పగా ఉంటే వాన నీళ్ళు, కాకపోతే మా తాగే నీళ్ళ ట్యాంకు. ఇక్కడ బల్లార్డ్‌లో 1917లో తెరిచిన లాకులున్నాయి. మన దుగ్గిరాల లాకులు చూసినవాడివి, నీకు వేరే చెప్పక్కర్లేదు. వీటికి ఒక పక్క సరస్సు, ఇంకో పక్క సముద్రం. సరస్సు వైపు పడవ కట్టుకున్నవాళ్ళకి ఈ రుచి చూసే పద్ధతి పనికిరాదు, ఎక్కణ్ణుంచి వచ్చినా మంచినీళ్ళేగా.

మా బిల్జ్ నీళ్ళు అటు పూర్తిగా ఉప్పనా కాదు, ఇటు చప్పనా కాదు. అంటే రెండు దారులున్నాయి.

ఉప్పు సంగతి నీ పుణ్యమా అని త్వరగానే తేలింది. లోపల చిన్న డీజిలింజను ఉంది. దాని షాఫ్టు పడవ అడుగులోంచి బయటికెళ్ళి నీళ్ళలో ఉన్న ఫ్యానుని తిప్పుతుంది. షాఫ్టు బయటికెళ్ళే చోట ఏముంటుందనుకున్నావు? అచ్చం మన కాలువ గట్టు మీది పంపుకున్న గ్లాండే! షాఫ్టు సందులోంచి నీళ్ళు రాకుండా లోపల జిడ్డు తాడు చుట్టలు, పైన బిగించే నట్టు. చుట్టల్ని ఏటవాలుగా కోయాలి, అతుకులన్నీ ఒకే వరసలోకి రాకుండా పెట్టాలి. "చుక్క పడాల్రా, పడకపోతే షాఫ్టు మాడిపోద్ది" అని తమ్ముడి మీద అరిచేవాడివే, ఇక్కడా అదే లెక్క. షాఫ్టు తిరిగేటప్పుడు నిమిషానికి రెండు మూడు చుక్కలు పడాలి, ఆగితే దాదాపు ఆగిపోవాలి. మాది ఆగాక కూడా కారుతోంది. పడవని గట్టుకెక్కించినప్పుడు తీసి చూస్తే పాత తాడు ఎండి గట్టిపడిపోయింది. కొత్తది వేశాం. కాసేపు ఇంజను నడిపి, ఆపి, గ్లాండు మీద చెయ్యేసి చూశాను. గోరువెచ్చగా కూడా లేదు. మీ అల్లుడు నోరెళ్ళబెట్టాడు, ఇదంతా నీకెలా తెలుసని.

పనిలో పని, నీటిమట్టం కిందున్న కంతలన్నీ చూశాం. సింకుకి, ఇంజను చల్లబరిచే నీళ్ళకి ఒక్కోదానికీ ఒక్కో కంచు కుళాయి, దానికో రబ్బరు గొట్టం. గొట్టానికి ఒకటి కాదు, రెండు క్లిప్పులుండాలి. ప్రతి కుళాయి పక్కనా ఒక చెక్క బిరడా తాడుతో కట్టి ఉంచాలి. గొట్టం ఊడిపోతే ఒకటిన్నర అంగుళాల కంతలోంచి, రెండడుగుల లోతున, నిమిషానికి వంద లీటర్లకు పైనే లోపలికొచ్చేస్తాయి. ఆ కంగారులో బిరడా కోసం సామాన్లు వెతుక్కుంటూ కూర్చోలేం కదా.

ఇక అసలు తలనొప్పి వాన నీళ్ళు. సియాటిల్ అంటే ఎప్పుడూ వానే అంటారు గానీ, ఏడాది మొత్తం మీద సుమారు 950 మిల్లీమీటర్లే. మన గుంటూరుతో పోలిస్తే పెద్ద తేడా ఏమీ ఉండదు. కాకపోతే ఇక్కడ అక్టోబరు నుంచి మొదలుపెట్టి, నెలల తరబడి సన్నగా ముసురు పట్టుకుంటుంది. భోరున కురిసే వాన జారిపోతుంది. ముసురు అలా కాదు, బోల్టు తల కింద చేరి నెమ్మదిగా లోపలికి ఇంకుతుంది.

మన డాబా కారినప్పుడు చుక్క వంటింట్లో పడేది, పగులేమో మెట్ల పక్కనుండేది. పడవ పైకప్పు, అదే డెక్కు, కూడా అంతే. పైనొక ఫైబర్ పొర, కిందొక ఫైబర్ పొర, మధ్యలో ప్లైవుడ్. ఒక బోల్టు దగ్గర దూరిన నీరు ఆ చెక్కలోంచి పాక్కుంటూ పోయి పదడుగుల అవతల నా దిండు మీద పడుతుంది. చుక్క పడిన చోట అందరూ చేసే పని, సిలికాన్ ట్యూబు తెచ్చి పూసేయడం. అంతకన్నా చెడ్డ పని లేదు. నీరు బయటికి రాలేక లోపలే ఉండి చెక్కని కుళ్ళబెడుతుంది. పైగా ఒకసారి సిలికాన్ తగిలిన చోట ఆ తర్వాత ఇంకేదీ సరిగ్గా అతుక్కోదు.

కాబట్టి ముందు వెతుకులాట. లోపలంతా పొడిగా తుడిచి, అనుమానమున్న చోటల్లా టాల్కం పౌడరు చల్లాం. నీరు నడిస్తే పౌడర్లో చార పడుతుంది. తర్వాత పైన గొట్టంతో నీళ్ళు. కిందినుంచి మొదలుపెట్టి పైకి రావాలి, ఒక్కో బోల్టు దగ్గరా కొన్ని నిమిషాలు ఆగాలి. పైనుంచి పోస్తే అన్నీ ఒక్కసారే తడిసి ఏది కారుతోందో తేలదు. అయినా రెండు చోట్ల సందేహం మిగిలిపోయింది. అప్పుడు పక్క పడవాయన ఆకులు ఊడ్చే బ్లోయర్ తెచ్చిచ్చాడు. గాలి పోయే కంతలన్నీ టేపుతో మూసేసి, తలుపు సందులోంచి బ్లోయర్‌తో లోపలికి గాలి కొడతారు. పైన నేను బ్రష్షుతో సబ్బు నీళ్ళు పూసుకుంటూ వెళ్ళాను. రెయిలింగు కడ్డీ మొదట్లో నాలుగు బోల్టులుంటే మూడింటి దగ్గర ఏమీ లేదు. నాలుగోదాని అంచున సన్నటి బుడగలు, ఒకదాని వెనక ఒకటి. స్క్రూడ్రైవరు వెనకవైపుతో చుట్టూ తట్టాను. గట్టి చోట ఖంగుమంది, బోల్టు పక్కన దబ్బుమంది.

ఆ బోల్టు విప్పి, కంతని పెద్దది చేసి, వంచిన మేకుతో లోపలి చెక్కని గీరి తీశాను. నల్లగా ముద్దలా వచ్చింది, వేళ్ళతో పిండితే నీళ్ళు. బాగా ఆరబెట్టి, ఎపాక్సీ అనే చిక్కటి జిగురుతో నింపి, గట్టిపడ్డాక మళ్ళీ కంత వేశాం. ఇక ఎప్పుడైనా నీరు దూరినా చెక్కని తాకదు. కంత అంచుని కొంచెం ఏటవాలుగా చెక్కి, బోల్టు మెడకి బ్యూటైల్ టేపు చుట్టాం. బూడిద రంగులో బంకగా ఉంటుంది, ఏళ్ళు గడిచినా గట్టిపడదు. చలికి బిగుసుకుపోతే సాగదని మీ అల్లుడు ఆ చుట్టని చంకలో పెట్టుకు తిరిగాడు. బిగించేటప్పుడు బోల్టు తిప్పకూడదు, లోపలి నట్టే తిప్పాలి, లేకపోతే టేపు చీలిపోతుంది.

రెండోచోట బుడగలు వచ్చింది మాస్టుని, అంటే తెరచాప కట్టే స్తంభాన్ని, నిలబెట్టే స్టీలు పట్టీ దగ్గర. మాస్టుని పట్టి ఉంచే పక్కల తీగలన్నీ ఈ పట్టీలకే కడతారు. అవి డెక్కు చీలికలోంచి లోపలికి దిగి అడ్డగోడకి బిగించి ఉంటాయి. గాలికి మాస్టు లాగినప్పుడల్లా పట్టీ వెంట్రుకవాసి కదులుతుంది, చీలికలో పూసినది ఊడుతుంది, నీరు దూరుతుంది. స్టెయిన్‌లెస్ స్టీలు తుప్పు పట్టదనేది గాలి తగిలినంతవరకే. తడి చెక్క మధ్య గాలాడని చోట గుంటలు పడి పగులుతుంది, పైకి మాత్రం తళతళలాడుతూనే ఉంటుంది. తీసి చూస్తే సరిగ్గా డెక్కు మందాన గోధుమరంగు మరకలు, సూది గుచ్చినట్టు గుంటలు. దిండు తడుస్తోందని వెతకబోతే మాస్టు కూలే సంగతి బయటపడింది! తెరచాప తాడుతో మాస్టుని ఆ పక్కకి లాగి కట్టి, ఒకటి మార్చాక ఒకటిగా పట్టీలన్నీ మార్చేశాం.

ఇప్పుడు బిల్జ్ పొడిగా ఉంది. పంపుని తీసేయలేదులే.

కాలువకి నీళ్ళు సరిగ్గా వస్తున్నాయా? నువ్వు గ్లాండులో వేసే తాడు గ్రాఫైటు పూసినదా, మామూలుదా? ఈసారి ఫోనులో చెప్పు. ఈ ఉత్తరం అమ్మకి చదివి వినిపించేటప్పుడు మాస్టు పేరా, వంద లీటర్ల పేరా దాటేసెయ్. మిగతాదంతా చదువు.

నీ కూతురు