టెండర్ పిలిచే ముందే కారణం చెప్పండి

సంపాదకులకు నమస్కారం.

శ్రీశైలం నీళ్లను నల్లగొండకు తెచ్చే ఎస్‌ఎల్‌బీసీ (శ్రీశైలం ఎడమగట్టు కాలువ) సొరంగంలో మిగిలిన పని గురించి మీ పత్రికలో తరచూ వార్తలు వస్తున్నాయి. తవ్వే యంత్రం వద్దని, డ్రిల్లింగ్, బ్లాస్టింగ్‌తో పూర్తి చేస్తారని చదివాను. కానీ ఆ పని ఏ తరహా కాంట్రాక్టు కింద జరుగుతుంది, ఆ తరహానే ఎందుకు ఎంచుకున్నారు అని అడిగేవాళ్లు కనిపించడం లేదు. నేను నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరయ్యాను. ఈ నీళ్ల కోసం తరాలుగా ఎదురుచూస్తున్న నల్లగొండ జిల్లా వాడిని. మొదట అడగాల్సింది ఇదేనని నా అభిప్రాయం.

మేము సర్వీసులో చేరిన కొత్తలో శాఖే సర్వే చేసేది, డిజైన్లు వేసేది, ఎస్‌ఎస్‌ఆర్ (ప్రభుత్వం ఖరారు చేసిన ప్రామాణిక ధరల పట్టిక) రేట్లతో ఎస్టిమేట్ కట్టి టెండర్ పిలిచేది. ఎంత పని జరిగితే అంతే కొలతల పుస్తకం ఎం-బుక్‌లో ఎక్కించి బిల్లు పెట్టేవాళ్లం. ఇందులో అవినీతికి చోటు లేదని నేను అనను. మట్టి అనుకున్న చోట రాయి పడిందని అదనపు ఐటమ్‌లు రాయడం, కొలతలు పెంచడం అందరికీ తెలిసిన సంగతులే. పనులు సాగుతూనే ఉండేవి, ఖర్చు పెరుగుతూనే ఉండేది. 2004లో సాగునీటి ప్రాజెక్టుల కార్యక్రమం జలయజ్ఞం మొదలయ్యాక భారీ ప్రాజెక్టులను ఈపీసీ పద్ధతిలోకి మార్చడానికి అదో కారణం. సర్వే, డిజైన్, నిర్మాణం అన్నీ కాంట్రాక్టరే చూసుకోవాలి, మొత్తానికి ఒకే ధర, ఎక్కువైనా తక్కువైనా అతనిదే బాధ్యత. వినడానికి బాగుంది. నేలపైన అంతా స్పష్టంగా కనిపించే పనికి నిజంగానే బాగుంటుంది.

అయితే సర్వే కాకముందే ఆ ఒక్క ధర ఎలా తేలుతుంది? శాఖ ఇంటర్నల్ బెంచ్ మార్క్ పేరుతో ఒక విలువ వేసేది, దాని చుట్టూ టెండర్లు పడేవి. సమగ్రమైన సర్వే, పరిశోధన లేకుండా పనులు అప్పగించారని, ఆ బెంచ్ మార్క్ విలువలు కట్టడంలోనూ లోపాలున్నాయని 2012లో కాగ్ తన జలయజ్ఞం నివేదికలో తప్పుపట్టింది. ధర మారదన్న హామీ కూడా నిలవలేదు. ఆంధ్రప్రదేశ్‌లో 2015లో జీవో 22 తెచ్చి ధరల పెరుగుదల భారాన్ని ఖజానాయే నెత్తికెత్తుకుంది. అంటే రిస్కు కాంట్రాక్టరుదని టెండర్‌లో రాసుకుని, చివరికి ప్రజల డబ్బుతోనే తీర్చారు.

ఎస్‌ఎల్‌బీసీ సొరంగానికి వద్దాం. దాదాపు 44 కిలోమీటర్ల పొడవు. పైన అమ్రాబాద్ పులుల అడవి కాబట్టి మధ్యలో ఆడిట్లు, అంటే పక్క నుంచి సొరంగంలోకి దారులు, తవ్వే వీలు లేదు. అటు దోమలపెంట నుంచి, ఇటు మన్నెవారిపల్లి నుంచి రెండు చివర్ల నుంచే తవ్వుకుంటూ రావాలి. లోపల ఎక్కడ రాయి వదులుగా ఉందో, ఎక్కడ నీళ్లు ఉబికి వస్తాయో పూర్తిగా తెలియని అలాంటి పనిని 2005లో 1,925 కోట్ల రూపాయలకు ఈపీసీ కింద అప్పగించారు. 2010కి పూర్తి కావాలి. ఇప్పటికీ కాలేదు. 2025 ఫిబ్రవరి 22న లోపల సొరంగం పైకప్పు కూలిపోవడంతో ఎనిమిది మంది చిక్కుకుపోయి ప్రాణాలు కోల్పోయారు. ప్రమాదానికి కాంట్రాక్టు పద్ధతే కారణమని తేల్చే అధికారం నాకు లేదు. కానీ నేల ఎలా ఉందో ఎవరికీ సరిగ్గా తెలియని చోట ఆ రిస్కునంతా ఒక ధరలో కుదించి ఒకరికి అంటగట్టడం తప్పేనని మాత్రం గట్టిగా చెప్పగలను.

ఇది ఈరోజు కొత్తగా తెలిసిన సంగతి కాదు. అంతర్జాతీయ కన్సల్టింగ్ ఇంజనీర్ల సమాఖ్య ఫిడిక్ 1999లో ఈపీసీ పనుల కోసం సిల్వర్ బుక్ అనే నమూనా ఒప్పందం విడుదల చేసింది. భూగర్భ పని ఎక్కువగా ఉన్నచోట, టెండర్ వేసేవాళ్లు ముందుగా పరీక్షించి చూసుకునే వీలు లేనిచోట ఇది తగదని దాని ముందుమాటలోనే రాసింది. మన టెండర్‌కు ఆరేళ్ల ముందు మాట ఇది. తర్వాత 2019లో అంతర్జాతీయ టన్నెలింగ్ సంఘంతో కలిసి సొరంగాల కోసమే ఎమరాల్డ్ బుక్ తెచ్చింది. అందులో నేల గురించి తెలిసినదంతా ఒక నివేదికగా ఒప్పందంలో చేరుస్తారు. తవ్వేటప్పుడు నేల అంతకంటే చెడ్డగా తేలితే భారం పని చేయించే యజమానిది, పని వేగం, నైపుణ్యం కాంట్రాక్టరువి. ఎవరు దేన్ని అదుపు చేయగలరో వాళ్లకే ఆ రిస్కు వదిలిపెట్టడం న్యాయంగా ఉంది. గొడవలూ తగ్గుతాయి.

ఎస్‌ఎల్‌బీసీ దగ్గర 2025 నవంబర్‌లో జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ (ఎన్‌జీఆర్‌ఐ) ఆధ్వర్యంలో హెలికాప్టర్‌తో విద్యుదయస్కాంత సర్వే మొదలుపెట్టారు. మంచి పని. 2005కి ముందు జరగాల్సిన పరిశోధన ఇన్నేళ్ల తర్వాత మొదలైందన్నదే బాధ.

సొరంగం ఒక్కదాని గురించే నా ఆందోళన కాదు. రాష్ట్రంలో ఇప్పుడు ఆర్ అండ్ బీ, పంచాయతీరాజ్ రోడ్లకు హ్యామ్ (హైబ్రిడ్ యాన్యుటీ మోడల్) పద్ధతి ఎంచుకున్నారు. జాతీయ రహదారుల్లో 2016 నుంచి ఉన్న ఈ పద్ధతిలో కట్టేటప్పుడు 40 శాతం ప్రభుత్వం ఇస్తుంది, మిగతాది కాంట్రాక్టు సంస్థ పెట్టి 15 ఏళ్ల పాటు వాయిదాల్లో వసూలు చేసుకుంటుంది. నిర్వహణ కూడా సంస్థదే కాబట్టి రోడ్డు నాసిగా వేస్తే మరమ్మతు ఖర్చు దానికే పడుతుంది, అది నిజమైన లాభం. కానీ ఆ వాయిదాలు రాబోయే మూడు ప్రభుత్వాల బడ్జెట్ల మీద పడతాయి. ఇదే రోడ్డు మామూలు టెండర్‌తో వేస్తే ఎంత, హ్యామ్‌లో వడ్డీతో కలిపి ఎంత అన్న లెక్క శాసనసభ ముందు పెట్టారా? నేనైతే ఎక్కడా చూడలేదు.

తక్కువకు వేసినవాడికే పని ఇవ్వాలన్న ఎల్-1 నియమాన్ని కూడా ఇలాగే చూడాలి. స్కూలు గదికి, సీసీ రోడ్డుకు అది సరిపోతుంది. నాణ్యతే ముఖ్యమైన పనుల్లో సాంకేతిక సామర్థ్యానికి 30 శాతం వరకు మార్కులు ఇవ్వవచ్చని కేంద్ర ఆర్థిక శాఖే 2021 అక్టోబర్‌లో మార్గదర్శకాలు ఇచ్చింది. సొరంగాలకు, పెద్ద వంతెనలకు ఆ వెసులుబాటు మనవాళ్లు ఎందుకు వాడుకోరు?

ప్రభుత్వాన్ని కోరేది పెద్దదేమీ కాదు. వంద కోట్లు దాటిన ప్రతి పనికీ టెండర్ నోటీసుతో పాటు ఒక నోట్ ప్రకటించాలి. సర్వే ఎంతవరకు అయింది, డిజైన్ ఎవరిది, ఏ రిస్కు ఎవరిమీద పెట్టారు, ఇంకే పద్ధతులు పరిశీలించి ఎందుకు వద్దనుకున్నారు, ఇవి అందులో ఉండాలి. కింద చీఫ్ ఇంజనీరు సంతకం చేయాలి. ఆంధ్రప్రదేశ్‌లో 2019లో తెచ్చిన జ్యుడీషియల్ ప్రివ్యూ చట్టం కింద వంద కోట్లు, ఆపై పనుల టెండర్ పత్రాలను ముందుగా జనం ముందు పెట్టి అభ్యంతరాలు తీసుకున్నారు. ఆ చట్టం తర్వాత రద్దయింది. దాని మీద ఎవరి రాజకీయం వారికి ఉండొచ్చు, కానీ పత్రాలు ముందే చూపించే అలవాటు మాత్రం మంచిది, తెలంగాణ కూడా తెచ్చుకోవచ్చు.

ఆ మొదటి నోట్ ఎస్‌ఎల్‌బీసీలో మిగిలిన సొరంగం మీదే రావాలి. హెలికాప్టర్ సర్వేలో తేలిన భూగర్భ వివరాలన్నీ దానికి జతచేసి, పని మళ్లీ మొదలయ్యేలోపే ప్రకటించాలని నీటిపారుదల శాఖ మంత్రిని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

— ఒక విశ్రాంత ఇంజనీరు, దేవరకొండ