లోపలిదంతా పీకేస్తే అది రిపేరు కాదు

సంపాదకులకు నమస్కారం.

పోయిన ఆదివారం మీ పత్రికలో బాక్స్ ఐటమ్‌గా వేసిన సలహా చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. అటక మీద పాత స్టీరియో ఆంప్లిఫైయర్ ఉంటే పారేయకండి, లోపలి పాత సర్క్యూట్ తీయించేసి బ్లూటూత్ బోర్డు వేయించుకోండి, కొత్తదానిలా పాడుతుంది అని రాశారు. పారేయొద్దన్నారు, అంతవరకు సంతోషం. మిగతా సగంతోనే నాకు పేచీ. లోపలిదంతా పీకేసి పెట్టె ఒక్కటీ ఉంచుకోవడం రిపేరు ఎలా అవుతుందండీ? పాత పెంకుటింటికి సింహద్వారం మాత్రం ఉంచి వెనకంతా పడగొట్టి, మా తాతల నాటి ఇల్లు అని చెప్పుకున్నట్టుంటుంది.

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరయ్యాను. సోల్డరింగ్ ఐరన్ పట్టుకోవడం వచ్చు గానీ ఆడియో మెకానిక్‌ని కాదు. మా ఇంట్లో ఉన్నది న్యాడ్ 3020 అనే స్టీరియో ఆంప్లిఫైయర్. 1984లో మా బాబాయి ఇంగ్లండులో డాక్టరు ఉద్యోగం చేస్తూ సెలవుకొచ్చినప్పుడు సూట్‌కేసులో బట్టల మధ్య చుట్టి తెచ్చాడు. చూడ్డానికి ఏమీ ఉండదు, ముదురు బూడిద రంగు పెట్టె, నాలుగు నాబ్‌లు, కొన్ని మీటలు. 1978లో ఎరిక్ ఎడ్వర్డ్‌సెన్ అనే ఇంజనీరు డిజైన్ చేసిన మోడల్ ఇది. కాగితం మీద దాని శక్తి చానల్‌కు (అంటే ఎడమ, కుడి స్పీకర్లలో ఒక్కోదానికి) 20 వాట్లే. కానీ పాటలో ఒక్కసారి డప్పు గట్టిగా పడ్డప్పుడు ఆ కాస్త క్షణానికి అంతకు రెట్టింపు ఇచ్చేలా చేశారు, అందుకే తక్కువ ధరదైనా మంచి స్పీకర్లను కూడా మోసేస్తుంది. లక్షల్లో అమ్ముడుపోయింది. మన దగ్గర గల్ఫ్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా జపాన్ సెట్లు తెచ్చేవారు కాబట్టి ఇది అంతగా కనిపించదు. ఒక అదృష్టం ఏమిటంటే ఇంగ్లండు మోడల్ కాబట్టి 240 వోల్టులది, ప్లగ్ మారిస్తే చాలు. అమెరికా నుంచి తెచ్చిన 120 వోల్టుల సెట్లను చూసుకోకుండా గోడకు పెట్టి కాల్చుకున్న ఇళ్లు మా వీధిలోనే రెండున్నాయి.

రెండేళ్ల క్రితం ఎడమ చానల్ పోయింది. ఒక రోజు వస్తుంది, ఒక రోజు రాదు, నెత్తిన ఒక్కటిస్తే మళ్లీ వస్తుంది. షేక్ చినమౌలానా నాదస్వరం పెడితే డోలు ఒక్కటే వినిపిస్తోందని మా ఆవిడ ఫిర్యాదు. బజార్లో ఒక షాపుకు తీసుకెళ్లాను. అక్కడి కుర్రాడు మూత తీసి అయిదు నిమిషాలు కూడా చూడలేదు. "గురువుగారూ, దీనికి పార్టులు దొరకవండీ, లోపలిది తీసేసి రెండొందల వాట్ల బోర్డు వేసేస్తాను, బ్లూటూత్, పెన్‌డ్రైవ్, రిమోట్ అన్నీ వస్తాయి, కేబినెట్ బాగుంది కదా" అన్నాడు. చెడ్డవాడు కాదు, మర్యాదగానే చెప్పాడు. రోజుకు పది సెట్లు అలాగే చేస్తున్నాడట.

రెండొందల వాట్లు అన్నాడు కదా, అక్కడ కాస్త ఆగాలి. బోర్డు మీద ఎంతైనా అచ్చేసుకోవచ్చు, కరెంటు రావలసింది ట్రాన్స్‌ఫార్మర్ నుంచి. నా పెట్టెలో ఉన్న ట్రాన్స్‌ఫార్మర్ రెండు ఇరవై వాట్ల చానళ్ల కోసం చుట్టింది. దాని నుంచి రెండొందలు లాగాలంటే కొబ్బరి బొండంలోంచి బిందెడు నీళ్లు తీయాలనుకోవడమే. తొంభైల్లో టూ-ఇన్-వన్‌ల మీద 3000 వాట్స్ పీఎంపీవో అని స్టిక్కర్లు ఉండేవి గుర్తుందా, ఇదీ ఆ వంశమే. పోనీ నిజంగానే పది రెట్లు ఇచ్చిందనుకోండి, పది డెసిబెల్స్ పెరుగుతుంది, అంటే చెవికి సుమారు రెట్టింపు సౌండు. పది రెట్లు కాదు.

ఇంటికి తెచ్చేసుకున్నాను. మా అబ్బాయి ఇంటర్నెట్‌లో సర్వీస్ మాన్యువల్ వెతికి ప్రింటు తీసిచ్చాడు. సర్క్యూట్ చూస్తుంటే నాకు ముచ్చటేసింది. ప్రీఆంప్లిఫైయర్ (వాల్యూమ్, టోను సరిచేసే ముందు సగం) నుంచి పవర్ ఆంప్లిఫైయర్‌కు (స్పీకర్లను మోగించే వెనక సగం) సిగ్నల్ వెళ్లే దారి పెట్టె వెనక వైపు బయటికి వచ్చి, అక్కడ వంకీ తిరిగిన రెండు చిన్న లోహపు పిన్నుల మీదుగా మళ్లీ లోపలికి పోతుంది. ఆ పిన్నులు లాగేస్తే సెట్టు రెండు ముక్కలవుతుంది. జబ్బు ముందు సగంలో ఉందా వెనక సగంలో ఉందా తేల్చుకోవడానికి ఇంతకంటే సుళువు ఏముంది? పిన్నులు తీసి, ఫోన్ వాల్యూమ్ బాగా తగ్గించి (అక్కడ ఆంప్లిఫైయర్ వాల్యూమ్ పనిచేయదు, జాగ్రత్త) నేరుగా వెనక సగానికి ఇస్తే రెండు చానళ్లూ చక్కగా మోగాయి. సరే ముందు సగంలోనే ఉందనుకుని రెండు గంటలు వెతికాను. దొరకలేదు. తీరా చూస్తే జబ్బు ఆ పిన్నులదే! కాకినాడ ఉప్పుగాలికి నలభై ఏళ్లు నానితే ఏ లోహమైనా అంతే, నల్లగా పొర కట్టేసింది. పిన్నులను గరుకు కాగితంతో రుద్ది, సాకెట్లలో కాంటాక్ట్ క్లీనర్ కొట్టి పెట్టాను. ఎడమ చానల్ వచ్చేసింది, ఖర్చు సున్నా. దీనికేనా బోర్డు మార్చమన్నది!

అక్కడితో ఊరుకుని ఉంటే బాగుండేది. చేతికి పని తగిలాక ఊరుకోబుద్ధి కాలేదు, ఇక్కడి నుంచి తప్పులన్నీ నావే. వాల్యూమ్ తిప్పితే గరగర, మీటలు నొక్కితే పట్... ఇవన్నీ క్లీనర్‌తోనే పోయాయి. తర్వాత ఎలక్ట్రోలిటిక్ కండెన్సర్లు (చార్జి నిలవ చేసే చిన్న డబ్బాలు) మార్చాను. లోపల ఉండే తడి ఎండిపోతుంది కాబట్టి వీటికి ఆయుష్షు ఉంటుంది, వేడి పది డిగ్రీలు తగ్గితే ఆయుష్షు రెట్టింపవుతుందని లెక్క. అందుకే 85 డిగ్రీల వేడి వరకు తట్టుకునేవి ఉన్న చోట 105 డిగ్రీలవి వేశాను. కెపాసిటీ మాత్రం పాతదే, వోల్టేజి పాతదో ఒక మెట్టు ఎక్కువో. ఫిల్టర్ కండెన్సర్లను (లోపలి కరెంటును నిలకడగా ఉంచే పెద్దవి) మూడింతలు పెద్దవి వేస్తే బేస్ దంచేస్తుందని మా మిత్రుడొకాయన ఊదరగొట్టాడు. స్విచ్ వేసిన క్షణంలో ఖాళీ కండెన్సర్ షార్టు లాంటిది, ఎంత పెద్దదైతే ఏసీని డీసీగా మార్చే రెక్టిఫయర్ మీదా ఫ్యూజు మీదా అంత దెబ్బ పడుతుంది. ఆయన మాట వినలేదు, ఆ ఒక్కటీ మంచి పని చేశాను.

ఇక చెడ్డ పని. ప్రతి చానల్‌కూ బయాస్ సరిచేసే ప్రీసెట్ (స్క్రూడ్రైవర్‌తో తిప్పే చిన్న రెసిస్టర్) ఒకటుంటుంది. పాట లేనప్పుడు కూడా అవుట్‌పుట్ ట్రాన్సిస్టర్లలో కాస్త కరెంటు పారుతూ ఉండాలి. తక్కువైతే చిన్న సౌండులో పాట గీరుకుపోయినట్టు ఉంటుంది, ఎక్కువైతే వేడెక్కిపోతుంది. మాన్యువల్‌లో చెప్పినన్ని మిల్లీవోల్టులు వచ్చేదాకా ఆ ప్రీసెట్ తిప్పాలి. తిప్పాను. నలభై ఏళ్లుగా కదలని ప్రీసెట్, స్క్రూడ్రైవర్ తగలగానే లోపలి పలక కాంటాక్ట్ వదిలేసింది, బయాస్ ఒక్కసారిగా ఎక్కడికో పోయింది. మీటర్ చూసే లోపే కమురు వాసన, ఫ్యూజు టప్. ఏ జబ్బూ లేని కుడి చానల్‌ను నా చేతులతో నేనే చంపుకున్నాను. ముందు ప్రీసెట్ మార్చి ఆ తర్వాత తిప్పాలి. ఎవరైనా ఈ పనికి దిగితే ఇది మాత్రం మర్చిపోకండి.

అయితే అందులో పోయిన ట్రాన్సిస్టర్లు ఏమిటో తెలుసా? 2ఎన్3055, దాని జోడీ ఎంజే2955. మన ఊళ్లలో రేడియో మెకానిక్‌లెవరినైనా అడగండి, త్రీ జీరో డబుల్ ఫైవ్ అంటే ఇంటి మనిషిని అడిగినట్టే చెబుతారు. మైకు సెట్లలో, ఇన్వర్టర్లలో, బ్యాటరీ చార్జర్లలో దశాబ్దాల పాటు పనిచేసింది అదే, మన దేశంలోనూ తయారైంది. పార్టులు దొరకవన్నాడే ఆ కుర్రాడు, వాడి వెనక గోడకు ఉన్న డబ్బాలో కూడా ఉండే ఉంటాయి!

దొరకడం కష్టం కాదు, అసలుది దొరకడం కష్టం. ముప్పై అయిదు రూపాయలకు ఒకటి కొన్నాను, రెండు రోజులు పాడి మూడో రోజు పోయింది. అనుమానం వచ్చి హాక్సా బ్లేడుతో దాని టోపీ కోశాను. కోడిగుడ్డు పెట్టెలో ఆవగింజ పెట్టినట్టు అంత పెద్ద డబ్బాలో నువ్వుగింజంత చిప్పు! నా సెట్టులోంచి కాలిపోయి వచ్చిన పాతదాన్నీ కోసి చూస్తే అందులో చిప్పు బొటనవేలి గోరులో సగం ఉంది. 15 ఆంపియర్లు, 115 వాట్లు అని డేటాషీట్‌లో రాసినవి ఆ నువ్వుగింజ ఎలా మోస్తుంది? చివరికి మా పాత ఆఫీసు మిత్రుడి షెడ్డులో మూలపడ్డ పవర్ సప్లైలోంచి రెండు అసలువి పీకి వేశాను. బిగించేటప్పుడు కరెంటు దాటకుండా మైకా పలక వేసి, పేస్టు పూసి, ట్రాన్సిస్టర్ డబ్బాకూ హీట్ సింకుకూ (వేడిని లాగేసే లోహపు దిమ్మ) మధ్య మీటర్ పెట్టి షార్టు లేదని చూసుకోవాలి, ఎందుకంటే ఆ డబ్బాయే కలెక్టరు, అంటే ట్రాన్సిస్టర్‌లో కరెంటు పారే మూడు కొసల్లో ఒకటి.

ఈసారి బుద్ధి తెచ్చుకుని సీరీస్ బల్బు పెట్టే ఆన్ చేశాను. నూరు వాట్ల ఫిలమెంట్ బల్బును సెట్టుతో సీరీస్‌లో, అంటే కరెంటు బల్బు గుండానే సెట్టుకు వెళ్లేలా కడితే, లోపల షార్టు ఉంటే బల్బు ధగధగా వెలుగుతుంది, సెట్టు బతికిపోతుంది. అంతా బాగుంటే ఒక్కసారి మెరిసి మసకబారుతుంది. ఎల్ఈడీ బల్బు దీనికి పనికిరాదు. కిరాణా షాపుల్లో ఫిలమెంట్ బల్బులు మాయమయ్యాయి కదా, ఎక్కడ దొరుకుతుందా అని తిరిగి తిరిగి చివరికి కోళ్లఫారం ఆయన దగ్గర తెచ్చుకున్నాను, కోడిపిల్లలకు వెచ్చదనం కోసం వాళ్లు ఇంకా వాడుతున్నారు. బల్బు మసకబారింది. అప్పుడు స్పీకర్లు పెట్టకుండానే స్పీకర్ టెర్మినల్ దగ్గర డీసీ వోల్టేజి ఎంతుందో చూశాను, 12 మిల్లీవోల్టులు. యాభై లోపు ఉంటే దిగుల్లేదు. వోల్టుల్లో ఉంటే మాత్రం స్పీకర్ కాయిల్ కాలిపోతుంది. ఆ తర్వాతే బల్బు తీసి, పావుగంట వేడెక్కనిచ్చి, బయాస్ పెట్టాను, కొత్త ప్రీసెట్‌తో.

మార్పులకు నేను వ్యతిరేకిననుకునేరు. నాకూ ఫోన్‌లోంచి పాట కావాలి. దానికి లోపల చేయి పెట్టడం దేనికి, అగ్గిపెట్టెంత బ్లూటూత్ రిసీవర్ కొని సెట్టు వెనక బయటి పరికరాల కోసం ఉండే ఆక్స్ సాకెట్‌కు తగిలిస్తే సరిపోయింది. ఒక్క చిక్కు వచ్చింది. ఆ కాలపు ఆంప్లిఫైయర్లు సుమారు 150, 200 మిల్లీవోల్టుల సిగ్నల్‌కే పూర్తిగా పలికేలా చేసినవి, సీడీ ప్లేయర్లు రెండు వోల్టులు ఇస్తాయి, కొన్ని రిసీవర్లూ దానికి దగ్గర్లోనే ఇస్తాయి. అందుకే వాల్యూమ్ కాస్త కదిపితే చాలు ఇల్లు ఎగిరిపోతుంది, పక్కింటివాళ్లు గుమ్మంలోకొస్తారు. దీనికీ మందు వైరులోనే ఉంది. చానల్‌కు ఒక 10 కిలో ఓమ్ రెసిస్టర్ సీరీస్‌లో, ఒక 2.2 కిలో ఓమ్ రెసిస్టర్ గ్రౌండుకు. సిగ్నల్ ఆరోవంతుకు కాస్త పైన మిగులుతుంది. నాలుగు రెసిస్టర్లు, పది రూపాయలు. రేపు మా మనవడికి నచ్చకపోతే ఆ వైరు పీకేస్తాడు, సెట్టు 1978లో ఎలా గీశారో అలాగే ఉంటుంది. రంధ్రం చేయకుండా, బోర్డు మీది రాగి ట్రాక్ కోయకుండా, వెనక్కి తీసుకోగలిగే మార్పు ఏదైనా చేసుకోండి అంటాను నేను.

నిజంగానే ప్రాణం పోయిన సెట్లు ఉంటాయి, ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోయినవి, ఆంప్లిఫైయర్ సర్క్యూట్ అంతా ఒకే ముక్కలో ఇమిడి ఉండి, ఇప్పుడు తయారీ ఆగిపోయిన ఎస్టీకే ఐసీలు పోయినవి. ఆ ఐసీల పేరుతో నకిలీలు బజార్లో కుప్పలుగా ఉన్నాయి. అలాంటి వాటికి బోర్డు వేసుకుంటే నాకు అభ్యంతరం లేదు. ముందు పిన్ను చూడకుండా వేయొద్దనే నా గోల. కేంద్ర ప్రభుత్వం 2022లో రైట్ టు రిపేర్ అని పోర్టల్ పెట్టింది, కంపెనీలు మాన్యువల్స్, విడిభాగాల వివరాలు ఇవ్వాలని. ఒకప్పుడు కొన్ని రేడియోల వెనక అట్ట మీద సర్క్యూట్ డయాగ్రమే అంటించి ఇచ్చేవాళ్లండీ, అడగకుండానే.

అన్నట్టు ఆ షాపు కుర్రాడి దగ్గరికి మళ్లీ వెళ్లాను, కోసిన నకిలీ ట్రాన్సిస్టర్ చూపించడానికి. ఫోటో తీసుకున్నాడు. "ఇంతసేపు కూర్చుంటే నాకు గిట్టదు గురువుగారూ" అన్నాడు, అదీ నిజమే. గంటలు గంటలు వెతికి చివరికి పిన్ను రుద్దానంటే కస్టమరు ఎంతిస్తాడు? వాడు తప్పు వెతికినందుకు ఒక మూడొందలు ముందే అడగాలి, మనం ఇవ్వాలి. బోర్డుకైతే రెండున్నర వేలు నోరెత్తకుండా ఇస్తున్నాం కదా.

చివరగా ఒక ముఖ్యమైన సంగతి. మీ బాక్స్‌లో మూత విప్పడం గురించి రాశారు గానీ, ప్లగ్ పీకేశాక కూడా ఫిల్టర్ కండెన్సర్లలో చార్జి నిలిచి ఉంటుందని రాయలేదు. వచ్చే ఆదివారం సవరణ వేయండి: ప్లగ్ తీశాక కాసేపు ఆగి, మీటర్‌తో కండెన్సర్ వోల్టేజి చూసి, అది ఒకటి రెండు వోల్టులకు దిగకపోతే ఒక వంద ఓమ్‌ల పెద్ద రెసిస్టర్ తగిలించి దించి, అప్పుడు చేయి పెట్టండి అని. స్క్రూడ్రైవర్‌తో షార్టు చేయొద్దని కూడా.

– ఒక పాఠకుడు, కాకినాడ