ఫొటోలో పెద్ద చుక్క, లారీలో చిన్న చుక్క: మా యార్డులో జరిగిన పొరపాటు

శ్రావణమాసంలో మా దగ్గర ఫొటో చూసి గ్రానైట్ రాయి ఎంచుకున్న వాళ్లందరికీ ఇది రాస్తున్నాను. మీలో కొందరికి లింకు నొక్కితే ఫొటో రాలేదు. ఇద్దరికైతే ఎంచుకున్న రాయి ఒకటి, ఇంటి ముందు దిగిన రాయి మరొకటి. తప్పు పూర్తిగా మాది. ఫోన్లో ఒక్కొక్కరికీ ముక్కలు ముక్కలుగా చెప్పాను, అది సరిపోదు. మొత్తం ఇక్కడ చెప్తాను.

మా చీమకుర్తి గెలాక్సీ రాయికి అందమంతా ఆ బంగారు చుక్కల్లోనే ఉంది. రాయిలో ఉండే బ్రాంజైట్ అనే ఖనిజం వెలుతురు పడితే అలా మెరుస్తుంది. పక్కపక్క బ్లాకుల్లోనే ఒకదాంట్లో చుక్క పెద్దగా ఉంటే ఇంకోదాంట్లో ఆవగింజ కన్నా సన్నగా ఉంటుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫొటో కుదించుకుపోయి ఆ సన్న చుక్కలు చెరిగిపోతాయి, రాయి ఉత్త నల్లగా కనబడుతుంది. అందుకే నిరుడు మా మేనల్లుడు పైథాన్ అనే కంప్యూటర్ భాషలో ఒక చిన్న ప్రోగ్రాం రాశాడు. స్లాబు, అంటే కోసిన రాతి పలక, ఫొటో తీసి ఎక్కిస్తే పూర్తి సైజులో ఇంటర్నెట్‌లో ఫైళ్లు దాచే క్లౌడ్ స్టోరేజీలోకి వెళ్తుంది, లింకు మీకొస్తుంది. నెల్లూరు, కందుకూరు, కనిగిరి నుంచి ఇక్కడిదాకా రాలేని వాళ్లకు అది బాగా పనికొచ్చింది.

గొడవ ఐఫోన్‌తో మొదలైంది. 2017లో వచ్చిన ఐఓఎస్ 11 నుంచి ఐఫోన్లు మామూలుగా ఫొటోను అన్నిచోట్లా తెరుచుకునే జేపెగ్ రకంలో కాక హెచ్ఈఐసీ అనే రకంలో దాస్తాయి. చాలా ఫోన్లలో బ్రౌజర్ దాన్ని చూపించలేదు. ఫైలు పేరు చివర జేపీజీ అని, అంటే జేపెగ్ గుర్తు, మార్చినంత మాత్రాన లోపలి సరుకు మారదు, నిజంగానే జేపెగ్‌లోకి మార్చాలి. ఆషాఢం చివర మావాడు ఆ మార్పు చేశాడు. ఐఫోన్ ఫొటోలు అందరికీ తెరుచుకున్నాయి, మేం ఊపిరి పీల్చుకున్నాం.

ఆ మార్పే ఇంకో తప్పుకు దారి తీసింది. మా దగ్గర ఐఫోన్‌తో పాటు ఒక కెమెరా కూడా ఉంది. రెండూ ఫొటోలకు ఐఎంజీ అని పెట్టి పక్కన నాలుగంకెల నంబరు వేస్తాయి. అంతకుముందు ఐఫోన్‌వి హెచ్ఈఐసీ, కెమెరావి జేపీజీ, పేరు చివరి అక్షరాలు వేరు కాబట్టి ఢీకొనలేదు. అన్నీ జేపీజీ అయ్యాక ఐఫోన్ 2317కూ కెమెరా 2317కూ ఒకటే పేరైంది. క్లౌడ్‌లో ఒకే పేరుతో రెండో ఫైలు ఎక్కిస్తే, ప్రత్యేకంగా అడ్డు పెట్టుకోకపోతే, అది మనల్ని అడగదు. మొదటిది పోయి రెండోది కూర్చుంటుంది. పైగా మా తెర మీద "అప్‌లోడ్ విజయవంతం" అనే వస్తుంది.

కందుకూరు వైపు నుంచి ఒకాయన వంటగట్టుకు 47వ నంబరు స్లాబు అడిగారు. మేం 47నే పంపాం. దించగానే ఫోన్ చేసి, "అన్నా, నేను చూసింది ఈ రాయి కాదు" అన్నారు. ముందు నేను నమ్మలేదు, ఆ మాటకు ఆయన్ని ఇక్కడే క్షమించమంటున్నాను. ఆయన పంపిన స్క్రీన్‌షాట్‌ను వేళ్లతో పెద్దది చేసి చూస్తే, స్లాబు కింది మూలన మా కుర్రాడు సుద్దతో రాసిన అంకె కనబడింది. 12. అంటే 47 లింకులో రెండు రోజులుగా 12వ స్లాబు ఫొటో ఉంది.

రెండో కస్టమరుకు అప్పటికే సింకు కోసం కోత కూడా పడిపోయింది. ఆ రాయి ఖరీదు, మేస్త్రి కూలి, రానూపోనూ బాడుగ మేమే పెట్టుకుని ఇద్దరికీ అడిగిన రాయే పంపాం.

ఇప్పుడు ప్రతి ఫొటో పేరులో లాటు నంబరు, స్లాబు నంబరు, ఇంకెప్పుడూ తిరిగి రాని ఒక పొడుగాటి గుర్తు ఉంటాయి. అదే పేరుతో ఫైలుంటే కొత్తది ఎక్కించొద్దని క్లౌడ్‌కే షరతు పెట్టాం. పాత ప్రతులు దాచే వెర్షనింగ్ కూడా ఆన్ చేశాం. కానీ అది ఆన్ చేయకముందు పోయినవాటిని వెనక్కి తేలేదు. అందుకే యార్డులో మిగిలిన స్లాబులన్నిటినీ మళ్లీ ఫొటోలు తీశాం.

ఇక ఖాళీ ఫొటోల సంగతి. లిస్టులో చిన్న బొమ్మ చక్కగా కనబడేది, నొక్కితే ఏమీ వచ్చేది కాదు. మేమూ ఆ చిన్న బొమ్మే చూసి అంతా బాగుందనుకున్నాం. ప్రోగ్రాం ఆ బొమ్మ తయారుచేయడానికి ఫైలును చివరిదాకా చదివేస్తుంది. తర్వాత ఎక్కించేటప్పుడు ఆగిన చోటి నుంచే చదువుతుంది, అక్కడ మిగిలిందేమీ లేదు. సున్నా బైట్ల ఫైలు వెళ్లి కూర్చుంది, క్లౌడ్ దానికీ 200 అని, అంటే సరేనని, జవాబిచ్చింది. మళ్లీ మొదటికి రమ్మని చెప్పే ఎఫ్.సీక్(0) అనే ఒక్క వరుస చేర్చాక ఆగింది. దాన్ని పట్టుకోవడానికి మాత్రం మావాడికి మూడు రాత్రులు పట్టింది. ఇప్పుడు ఎక్కించాక క్లౌడ్‌లో ఉన్న సైజు అడిగి, మా దగ్గరున్న సైజుతో సరిచూసిన తర్వాతే లింకు బయటికెళ్తుంది.

ఇంకో గొడవ కూడా ఉండేది. కరెంటు పోయినప్పుడల్లా అప్‌లోడ్లు ఆగడానికి కారణం ఆఫీసు కంప్యూటరులో అరిగిపోయిన బిళ్ల బ్యాటరీ. దాంతో కంప్యూటరు గడియారం వెనక్కి పోయేది. మేం వాడే క్లౌడ్ తన గడియారానికీ మాదానికీ 15 నిమిషాలకు మించి తేడా ఉంటే, మా ప్రోగ్రాం పంపే డిజిటల్ సంతకం చెల్లదని 403 అంటుంది, అంటే ఫైలు తీసుకోదు. బ్యాటరీ మార్చాం.

ఆషాఢం చివరి నుంచి వినాయక చవితి దాకా మా లింకు చూసి ఆర్డరిచ్చి, ఇంకా కోత వేయని వాళ్లు దయచేసి మేస్త్రిని ఆగమనండి. మీ బిల్లు మీదున్న స్లాబు నంబరు మాకు పంపండి. సుద్ద అంకె కనబడేలా ఒకటి, చుక్క దగ్గరగా తెలిసేలా ఒకటి, రెండు ఫొటోలు అదే రోజు పంపుతాం. మీ దగ్గరున్న రాయితో అవి కలవకపోతే రాయి మార్చి ఇస్తాం, బాడుగ మాది. రాయి ఇంకా యార్డులోనే ఉన్నవాళ్లకు మేమే ఫోన్ చేస్తున్నాం, మీరు సరేనన్న తర్వాతే లారీ ఎక్కిస్తాం.