చిన్నోడి ఉద్యోగం గురించి, శ్రీనుగాడికి

ఒరేయ్ శ్రీనూ,

నిన్న నువ్వు ఫోన్ చేసినప్పుడు కంపెనీ బస్సులో ఉన్నాను. పటాన్‌చెరు దగ్గర ట్రాఫిక్, పక్క సీట్లో గురక. నువ్వు చెప్పినదాంట్లో సగం వినపడలేదు. చిన్నోడు ఫార్మా కంపెనీలో క్యూసీ ట్రైనీగా, అంటే మందుల నాణ్యత పరీక్షించే ల్యాబులో, చేరాడన్న మాట మాత్రం బాగా వినపడింది. చాలా సంతోషంరా. వాడికి నిక్కరు గుండీలు పెట్టుకోవడం రాని రోజులు నాకింకా గుర్తే.

"పదిహేనేళ్లుగా ఆ ల్యాబుల్లోనే పడున్నావు కదా, వాడు పైకి రావాలంటే ఏం చెయ్యాలో నాలుగు ముక్కలు చెప్పు" అన్నావు. నాలుగు లేవు గానీ, ఒకటిన్నర ముక్క ఉంది. కష్టపడాలి, టైముకి రావాలి, పెద్దవాళ్లని గౌరవించాలి లాంటివి అమ్మ ఎలాగూ రోజూ చెబుతూనే ఉంటుంది. వాటి జోలికి నేను వెళ్లను.

నీకు ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. నేను చేరిన రెండో ఏడు, అంటే 2010లో, నైట్ షిఫ్టులో ఉన్నాను. ఒక బ్యాచ్ టాబ్లెట్లలో మందు సరిగ్గా ఉందో లేదో తేల్చే పరీక్ష నా చేతిలో పడింది. మాత్రలు నూరి, పొడి తూచి, ఫ్లాస్కులో ద్రావకం పోసి, సోనికేటర్‌లో 20 నిమిషాలు పెట్టాలి. నీళ్లున్న చిన్న తొట్టిలా ఉంటుందది. జుయ్యిమని అదురుతుంది, ఆ అదురుకే మందు కరుగుతుంది. ఆ రాత్రి ఉన్నది ఒక్కటే సోనికేటరు. వెనకాల ఇంకొకడు ఫ్లాస్కు పట్టుకుని నిలబడి "అయిందా, అయిందా" అంటున్నాడు. ఆరు నిమిషాలకే తీసేశాను. వర్క్‌షీట్‌లో మాత్రం చెయ్యి అలవాటుగా 20 అని రాసేసింది.

మందు ఎంతుందో కొలిచే హెచ్‌పీఎల్‌సీ మెషీన్ మీద పెట్టాను. రెండు గంటలు దాటాక రిజల్టు వచ్చింది, 91.6 శాతం. ఉండాల్సింది 95 నుంచి 105 మధ్య. కడుపులో దేవినట్టయింది. ఫ్లాస్కు ఎత్తి లైటుకి ఎదురుగా పెట్టి చూస్తే అడుగున సన్నగా తెల్లటి రింగు, కరగని పొడి.

పక్కవాడు మెల్లిగా అన్నాడు, "పారబోసేయ్ బాసూ. మళ్లీ తూచి ఫ్రెష్‌గా చేసెయ్. ఇది ట్రయల్ అనుకో." అది ఎంత తేలికో చిన్నోడికి ఇప్పుడు తెలియదు. సింకు రెండడుగుల దూరంలోనే ఉంటుంది. నిజం చెప్పాలంటే ఫ్లాస్కు పట్టుకుని సింకు దాకా వెళ్లాను కూడా. వెనక్కి వచ్చింది మంచితనంతో కాదురా, భయంతో. రాత్రి రెండున్నరకి షిఫ్ట్ ఇన్‌చార్జి దగ్గరికి వెళ్లి చెప్పేశాను. రిజల్టు ఫెయిలైందనీ, ఆరు నిమిషాలే పెట్టాననీ, కాగితం మీద 20 అని రాశాననీ.

ఆయన బాలానగర్‌లోని సర్కారు మందుల కంపెనీ ఐడీపీఎల్‌లో పనిచేసి వచ్చిన మనిషి. తిడతాడనుకున్నాను. మొదట ఒక్కటే అడిగాడు, "సొల్యూషన్ ఉందా, పారబోశావా?" ఉంది సార్ అన్నాను. "అయితే బతికావు" అన్నాడు. తిట్టడం ఆ తర్వాత తీరిగ్గా తిట్టాడులే.

ఆ ఫ్లాస్కే నన్ను కాపాడింది. లిమిటు దాటిన రిజల్టుని మేం ఓఓఎస్ అంటాం. అది వస్తే వెంటనే కొత్త శాంపిల్ తీసుకోకూడదు, ముందు ఎందుకొచ్చిందో తేల్చాలి. అది తేలేదాకా పాత సొల్యూషన్లు పారబోయొద్దని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2006లో ఇచ్చిన గైడెన్సులోనే ఉంది. తెల్లారాక క్యూఏ వాళ్లు, అంటే మా పనిని తనిఖీ చేసే క్వాలిటీ వాళ్లు, వచ్చి అదే ఫ్లాస్కుని మళ్లీ పూర్తిగా సోనికేటర్‌లో పెట్టించి, వడకట్టి, మెషీన్‌లోకి ఇంజెక్ట్ చేయించారు. 99.2 వచ్చింది. అంటే తప్పు మందుది కాదు, నాది. పారబోసి ఉంటే ఆ మాట ఏ దేవుడూ రుజువు చెయ్యలేడు. తర్వాత శాంపిల్ మళ్లీ తూచి పరీక్ష పూర్తి చేసింది వేరే ఎనలిస్టు.

ఇక 20 అని రాశానే, దాన్ని ఇన్‌చార్జి నా చేతే దిద్దించాడు. మా దగ్గర కొట్టివెయ్యడానికీ ఒక పద్ధతుందిరా. గీకకూడదు, తెల్ల ఇంకు పూయకూడదు. ఒకే ఒక గీత, కింద పాత అంకె కనపడేలా. పక్కన సరైన అంకె, సంతకం, తేదీ, కారణం. ఆ కారణం రాసేటప్పుడు నా చెయ్యి వణికింది. వార్నింగ్ మెమో వచ్చింది. మూడు నెలలు నేను ఏ పరీక్ష చేసినా పక్కన ఒకరు నిలబడి చూశారు. క్యాంటీన్‌లో నన్ను చూసి నవ్వుకున్నారు కూడా. అయినా ఏడాది తిరిగేసరికి కొత్త ట్రైనీలని ఆయన నాకే అప్పజెప్పాడు. ఎందుకని అడగలేదు, ఆయనా చెప్పలేదు.

'ట్రయల్ అనుకో' అన్నవాడు ఎక్కువ జీతానికి వేరే కంపెనీకి వెళ్లాడు. అక్కడ అదే పని చేశాడట. కంప్యూటర్‌లో ఎవరు, ఎప్పుడు, ఏ శాంపిల్ మెషీన్‌లోకి ఎక్కించారో అన్నీ ఆడిట్ ట్రెయిల్ అనే చిట్టాలో ఉండిపోతాయి. ఇన్‌స్పెక్షన్‌లో బయటపడింది. వాణ్ణి తలుచుకుంటే నాకు కోపం రాదు, ఆ సింకే గుర్తొస్తుంది.

మన భీమవరం శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారి పేరు ఇక్కడ ప్రతి ట్రైనింగ్‌లోనూ వినిపిస్తుంది. ఎంత గొప్ప మేధావి అంటూ ఊదరగొడతారు. నాకు నచ్చేది వేరు. హార్వర్డ్‌లో ఫిస్క్ అనే సైంటిస్టుతో కలిసి ఆయన 1925లో అచ్చువేయించినది ఫాస్ఫరస్‌ని రంగు చూసి కొలిచే ఒక పద్ధతి. అంటే మా లాంటి కొలతల పనే! కండరాల ద్రవంలో కొలుస్తుంటే రంగు రావాల్సినంత త్వరగా రాలేదు. ఇంకొకరైతే ఎక్కడో పొరపాటు జరిగిందిలే అని పారబోసేవారు. వీళ్లు ఆ ఆలస్యం ఎందుకా అని పట్టుకుని కూర్చున్నారు. ఫాస్ఫోక్రియాటిన్ బయటపడింది అలాగే. కండరం శక్తిని దాచుకునే పదార్థం అది. చిన్నోడు అంత గొప్పవాడు కావాలని నేననడం లేదు. నచ్చని అంకె వచ్చినప్పుడు సింకు వైపు చూడకుండా ఫ్లాస్కు వైపు చూడగలిగితే చాలు. నాకు తెలిసిన ఒక ముక్క అదే.

మిగిలిన అర ముక్క నాకు చేతకానిది, అందుకే అర. నోరు విప్పడం. మొన్నామధ్య గ్రూప్ లీడర్ పోస్టు నాకే వస్తుందనుకున్నాను. నాకంటే నాలుగేళ్లు జూనియర్‌కి ఇచ్చారు. నెల రోజులు ముభావంగా తిరిగాను, మీ చెల్లెలు నా ముఖం చూడలేక పుట్టింటికి పోతానంది. ఆనక ఒక ఆడిట్‌లో ఆ కుర్రాణ్ణి చూశాను. ఆడిటర్ ఏదో అడిగాడు. వాడికి తెలియదు. తడుముకోలేదు, కల్పించలేదు. "ఈ సంగతి నాకు తెలియదు, రికార్డు తెప్పిస్తాను" అని నెమ్మదిగా చెప్పి, పది నిమిషాల్లో తెప్పించాడు. తర్వాత ఆ కాగితం మీద ఏముందో మూడు వాక్యాల్లో చెప్పాడు. వాడి ఇంగ్లీషు ఏమంత గొప్పగా లేదు, నాలాగే ఉంది. వాడి స్థానంలో నేనుంటే చెమటలు కక్కేవాణ్ణి. పని తెలిస్తే చాలు, వాళ్లే గుర్తిస్తారని ఇన్నాళ్లూ కూర్చున్నాను చూడు, అదీ నా అహంకారమేరా. చిన్నోణ్ణి వారానికి ఒకసారైనా తాను చేసిన పని ఎవరికో ఒకరికి చెప్పమను. పోనీ నీకే చెప్పమను. నీకేం అర్థం కాదు కాబట్టి బాగా ప్రాక్టీసు అవుతుంది.

జీతం గురించి అడిగావు కదా. మొదటి ఏడాది రూమ్ అద్దె, మెస్ బిల్లు పోగా చేతిలో ఏమీ మిగలదు. ఆరు నెలలు తిరక్కుండానే ఎవడో రెండు వేలు ఎక్కువిస్తాడంటే వెళ్లొద్దని చెప్పు. తర్వాత వాడిష్టం.

ల్యాబ్ అసిస్టెంట్లని, గ్లాసువేర్ కడిగేవాళ్లని "అన్నా" అని పిలవమను. ఫ్లాస్కు ఎక్కడ పగిలిందో, ఏ మెషీన్ సతాయిస్తుందో వాళ్లకి తెలిసినంత మేనేజర్లకి తెలియదు.

వాడు ఎక్కడ దిగాడు, మియాపూర్ వైపేనా? ఏ షిఫ్టో కనుక్కుని ఆదివారం మా ఇంటికి భోజనానికి పంపు. ఊరి నుంచి వచ్చేటప్పుడు అమ్మ చేతి గోంగూర పచ్చడి తెమ్మను. ఆవిడకి నా నమస్కారాలు.

ఇంకోటి. వాడికి నీలం బాల్ పెన్నులు ఒక డబ్బా కొనివ్వు. జెల్ పెన్ను మాత్రం వద్దు. చుక్క నీళ్లు పడితే రాసిందంతా అలుక్కుపోతుంది.

నీ
రాంబాబు