రొయ్యల మీద సుంకం, ప్రశ్నావళి సంగతులు: సుబ్బారావుకు

ప్రియమైన సుబ్బారావుకు,

నీ ఉత్తరం చేరింది. కాకినాడ ప్లాంటులో నిన్ను ఎగుమతుల విభాగానికి మార్చారని తెలిసి సంతోషించాను. అయితే అక్కడ అడుగు పెట్టీ పెట్టగానే పాత ఫైళ్లలోంచి 2023 నాటి అమెరికా ప్రశ్నావళి నీ చేతికి చిక్కడం మాత్రం నీ జాతకమే అనుకోవాలి. సబ్సిడీ లెక్కలన్నీ ఒక ఆఫీసుకు అప్పజెప్పాక, ఇంకో ఆఫీసు వాళ్లు మన కోల్డ్ స్టోరేజీలో ఎంత సరుకుందో, వచ్చే రెండేళ్లలో ఎంత పంపబోతున్నామో ఎందుకు అడిగారని, అడిగినా మనం ఎందుకు చెప్పాలని రాశావు. ఇక్కడ అమెరికాలో దిగుమతిదారుల వైపు కూర్చుని ఇటువంటి కాగితాలే నింపే ఉద్యోగం నాది కాబట్టి, తీరుబడిగా రాస్తున్నాను. నువ్వు కూడా కాఫీ పక్కన పెట్టుకుని చదువు.

ముందు ఆ రెండు ఆఫీసుల సంగతి. విదేశీ సరుకు తక్కువ ధరకు దింపుతున్నారా, దానికి అక్కడి ప్రభుత్వ సబ్సిడీ ఉందా, ఉంటే ఎంత శాతం అన్నది తేల్చేది అమెరికా వాణిజ్య శాఖ. ఆ సరుకు వల్ల అమెరికాలోని పరిశ్రమకు నిజంగా నష్టం జరిగిందా లేదా అన్నది తేల్చేది అంతర్జాతీయ వాణిజ్య కమిషన్. 1916లో టారిఫ్ కమిషన్‌గా పుట్టిన ఈ సంస్థకు 1974 చట్టంతో ఇప్పుడున్న పేరు వచ్చింది. ఆరుగురు కమిషనర్లు ఉండాలి, వారిలో ఒకే పార్టీ వాళ్లు ముగ్గురికి మించకూడదు, ఓట్లు చెరిసగం వస్తే నష్టం ఉన్నట్టే లెక్క. రెండు ఆఫీసులూ అవునంటేనే సుంకం పడుతుంది. 2013లో మన రొయ్యలకు సబ్సిడీ ఉందని వాణిజ్య శాఖ తేల్చినా, నష్టం లేదని కమిషన్ చెప్పడంతో ఆ కేసు అక్కడితో ముగిసి ఒక్క సెంటు సుంకం కూడా పడలేదు. 2023 అక్టోబరులో అమెరికా రొయ్యల ప్రాసెసర్ల సంఘం వేసిన కొత్త కేసులో, 2024 నవంబరులో కమిషన్ అవునంది. విడిగా లెక్క కట్టని భారతీయ కంపెనీలకు 5.77 శాతం పడింది. మీ ప్లాంటులో అందరికీ ఆ శాతమే గుర్తుంది కానీ, దాన్ని అమలులోకి తెచ్చింది ఆ రెండో ఆఫీసు ఓటు.

ఆ ఓటు దేని మీద ఆధారపడుతుందంటే, నీ చేతిలో ఉన్న ఆ కాగితాల మీదే. ఏ దేశం నుంచి ఎంత సరుకు వచ్చిందో కస్టమ్స్ లెక్కల్లో దొరుకుతుంది. లూసియానాలోనో టెక్సస్‌లోనో ఒక ప్రాసెసింగ్ షెడ్డు ఏడాదిలో ఎన్ని నెలలు ఖాళీగా ఉందో, ఎంతమందిని పనిలోంచి తీసేసిందో, పౌను రొయ్య మీద ఎంత మిగిలిందో ఏ ప్రభుత్వ పుస్తకంలోనూ ఉండదు. అందుకే అమెరికా ఉత్పత్తిదారులకు ఒకటి, దిగుమతిదారులకు ఒకటి, విదేశీ ఎగుమతిదారులకు ఒకటి, కేసు తుది దశకు చేరితే కొనుగోలుదారులకు ఇంకొకటి చొప్పున ప్రశ్నావళులు పంపుతారు. ఫిర్యాదు అందిన 45 రోజుల్లో తొలి నిర్ణయం రావాలి కనుక, మొదటి దశలో జవాబుకు ఇచ్చే గడువు మహా అయితే రెండు వారాలు.

నాకు అన్నిటికన్నా తలనొప్పి ధరల పట్టిక. తొక్క తీసి, నరం తీసి, తోక ఉంచిన ఫలానా సైజు రొయ్య అని కొన్ని రకాలు ఎంచి, మూడేళ్ల పాటు ప్రతి మూడు నెలలకూ ఎన్ని పౌన్లు అమ్మామో, ఎంత సొమ్ము వచ్చిందో రాయమంటారు. అమెరికా వాళ్లు అదే రకానికి ఇచ్చిన ధర పక్కన దీన్ని పెట్టి, దిగుమతి సరుకు ధర ఎన్ని త్రైమాసికాల్లో తక్కువగా ఉందో లెక్కిస్తారు. మీ దగ్గర చెరువు గట్టు మీద కౌంట్ అంటే కిలోకు ఎన్ని అని. ఇక్కడ 26/30 అంటే పౌనుకు ఎన్ని అని. అక్కడ తలతో తూస్తారు, ఇక్కడ తల తీశాక తూస్తారు. ఈ తేడా సరిచూడకుండా వరుస తప్పి రాస్తే, పెద్ద రొయ్యను చిన్న రొయ్య ధరకు అమ్మినట్టు కాగితం మీద కనబడుతుంది. కమిషన్ ఆడిటర్లు అటువంటివి పట్టుకుని ఫోను చేస్తారనుకో, కానీ అంతదాకా ఎందుకు?

ఇక ప్రశ్నావళి నింపేది సూటు బూటు వేసుకున్న వాళ్లే అనుకోకు. రొయ్యల కేసులో అమెరికా పరిశ్రమ అంటే ప్రాసెసర్లతో పాటు గల్ఫ్ తీరంలోనూ దక్షిణ అట్లాంటిక్ తీరంలోనూ వల వేసే పడవల వాళ్లు కూడా అని కమిషన్ 2005లోనే తేల్చింది. తండ్రీ కొడుకులు కలిసి నడిపే పడవకు లాభనష్టాల పట్టిక ఎక్కడ ఉంటుంది? డీజిల్ బిల్లులు, ఐస్ బిల్లులు, రేవులో ఇచ్చిన చీటీలు ఉంటాయి. అందుచేత పట్టుబడి ఎంతన్నది సముద్ర మత్స్య శాఖ లెక్కల నుంచి తీసుకుని, ఆదాయం, ఖర్చులు మాత్రం జవాబిచ్చిన వాళ్ల నుంచి రాబట్టారు.

ఈ పడవల వాళ్లకు సంబంధించి ఇంకో ముచ్చట ఉంది. ఫిర్యాదును సమర్థిస్తున్నారా, వ్యతిరేకిస్తున్నారా, ఏ మాటా చెప్పరా అని ప్రశ్నావళిలో ఒక గడి ఉంటుంది. 2000లో వచ్చిన బర్డ్ సవరణ ప్రకారం, వసూలైన సుంకాన్ని ఖజానాలో వేసుకోకుండా, ఫిర్యాదును సమర్థించిన వాళ్లకే పంచేవారు. ఆ జాబితాలోకి ఎక్కాలంటే సమర్థిస్తూ ఉత్తరమైనా రాసి ఉండాలి, లేదా ఆ గడిలో టిక్కైనా పెట్టి ఉండాలి. 2005 ఫిబ్రవరిలో మన దేశంతో సహా ఆరు దేశాల రొయ్యల మీద యాంటీ డంపింగ్ సుంకం, అంటే మరీ తక్కువ ధరకు దింపినందుకు వేసే సుంకం, పడ్డాక, ఆ టిక్కు విలువ డాలర్లలో తెలిసొచ్చింది. మన రొయ్యల మీద అప్పుడు విడిగా లెక్క లేని కంపెనీలకు పడింది 10.17 శాతం, అందులోంచి కొంత మన పోటీదారుడి జేబులోకే వెళ్లిందన్నమాట! ప్రపంచ వాణిజ్య సంస్థ ఇది నిబంధనలకు విరుద్ధమని 2003లోనే చెప్పినా, 2006లో రద్దు చేసి, 2007 అక్టోబరుకు ముందు దిగిన సరుకు దాకా పంపకం సాగించారు. సాక్ష్యం అడిగే కాగితానికి డబ్బు ఆశ ముడిపెట్టడం నా దృష్టిలో ఏ విధంగానూ సమర్థనీయం కాదు.

ఇప్పుడు నువ్వడిగిన "ఎందుకు చెప్పాలి" దగ్గరకు వస్తాను. అమెరికాలో ఉన్న కంపెనీ జవాబివ్వకపోతే, 1930 నాటి టారిఫ్ చట్టం కింద సమన్లు పంపే అధికారం కమిషన్‌కు ఉంది. కాకినాడలో ఉన్న మిమ్మల్ని ఎవరూ లాక్కుపోలేరు. కానీ మీరు మౌనంగా ఉంటే ఆ ఖాళీని అందుబాటులో ఉన్న సమాచారంతో పూరిస్తారు, మీకు ప్రతికూలంగా అర్థం చేసుకునే అధికారం కూడా వాళ్లకుంది. నిల్వలు, ప్లాంటు సామర్థ్యం, రాబోయే ఏళ్ల అంచనాలు అడగడానికి కారణం, ఇప్పటికే జరిగిన నష్టంతో పాటు ఇకముందు జరగబోయే నష్టం ముప్పును కూడా వాళ్లు తూకం వేయాలి కాబట్టి. మీ సరుకులో ఎంత భాగం చైనాకు, జపాన్‌కు, ఐరోపాకు పోతోందో చెప్పకపోతే, మీ సామర్థ్యమంతా అమెరికా వైపే గురిపెట్టి ఉందని ఎదుటి పక్షం వకీలు వాదిస్తాడు. కాదనడానికి మీ తరఫున కాగితం ఉండదు. ఏ దేశం కంపెనీలు ఎక్కువగా జవాబిస్తే ఆ దేశం గొంతు అక్కడ అంత వినబడుతుందన్నదే ఇన్నాళ్ల ఉద్యోగంలో నాకు తెలిసివచ్చింది.

రహస్యం గురించి నీ భయం సహజమే. మీరు ఇచ్చే అంకెలు పోటీ కంపెనీ యజమానికి చూపించరు. రహస్యం కాపాడతామని ఒప్పుకునే రక్షణ ఉత్తర్వు మీద సంతకం చేసిన బయటి న్యాయవాదులు, వారి ఆర్థిక సలహాదారులు మాత్రమే చూస్తారు, తమ సొంత క్లయింటుకు కూడా చెప్పకూడదు. మాట తప్పితే ఏడేళ్ల దాకా కమిషన్ ముందు వాదించకుండా నిషేధించవచ్చు. జనానికి అచ్చువేసే నివేదికలో ఒక్క కంపెనీ ఆచూకీ తెలిసిపోయే అంకె ఉన్నచోట మూడు చుక్కల (***) గుర్తులే ఉంటాయి. అందుకే ఆ నివేదికలు చదువుతుంటే ముఖ్యమైన చోటల్లా చుక్కలే ఎదురై విసుగొస్తుంది, అయినా ఆ చుక్కలు లేకపోతే ఎవడూ నిజం రాయడు.

నువ్వు ఆశ్చర్యపోయిన ఆ మొదటి పేజీ నంబరుకు కూడా ఒక అర్థముంది. ప్రభుత్వం జనం మీద మోపే కాగితాల భారాన్ని అదుపు చేసే చట్టం కింద, శ్వేతసౌధానికి చెందిన బడ్జెట్ కార్యాలయం అనుమతి లేకుండా ఇలాంటి ప్రశ్నలు అడగకూడదు, ఆ అనుమతి నంబరే అది. ఆ అనుమతిని మూడేళ్లకోసారి, ప్రజల అభిప్రాయాలు కోరుతూ ప్రకటన ఇచ్చి, పునరుద్ధరించుకోవాలి. దీన్ని నింపడానికి నీకు నిజంగా ఎన్ని గంటలు పట్టింది, ఎంత ఖర్చయింది అని ప్రశ్నావళిలోనే అడుగుతారు. మా ఆఫీసులో చాలామంది ఆ గడి దగ్గర నవ్వి, నోటికొచ్చిన అంకె వేసి ముందుకు పోతారు. అది తప్పు. ప్రశ్నలు తగ్గించమని అడగడానికి మనకున్న ఆధారం అదే.

ఇంకో మాట. 2004 డిసెంబరు సునామీ తర్వాత, మన దేశానికీ థాయిలాండ్‌కూ జరిగిన విధ్వంసం వల్ల 2005 నాటి యాంటీ డంపింగ్ సుంకం ఎత్తేయవచ్చా అని కమిషన్ ప్రత్యేక సమీక్ష పెట్టింది. 2005 నవంబరులో ఎత్తేయనక్కర్లేదని తేల్చింది. ఎంత ఘోరం జరిగిందన్నది కాదు, ఉత్పత్తి సామర్థ్యమూ ఎగుమతులూ ఎంత తగ్గాయన్నదే వాళ్లకు కావాలి. ఆ సమీక్ష గుర్తొస్తే, సానుభూతికి అక్కడ గడి లేదని నాకు తెలిసిపోతుంది.

సుంకం పడ్డాక ప్రతి ఐదేళ్లకూ దాన్ని కొనసాగించాలా వద్దా అని సమీక్ష ఉంటుంది. ఆ ప్రకటన వెలువడిన 30 రోజుల్లో విదేశీ కంపెనీల నుంచి తగినన్ని జవాబులు రాకపోతే, పూర్తి విచారణ పెట్టకుండా, ప్రశ్నావళులు కూడా పంపకుండా, ఉన్న సమాచారంతో త్వరగా ముగించేయవచ్చు. కనుక నువ్వు ఈ ఏడాది నుంచే నెలవారీ ఉత్పత్తి, నిల్వ, దేశాలవారీ ఎగుమతులు వేరు వేరు వరుసల్లో రాసిపెట్టుకో. కిలోల పక్కనే పౌన్లు, తల ఉన్న బరువు పక్కనే తల తీసిన బరువు ఉండాలి. మీ మేనేజరు గారితో మాట్లాడి, సంతకం ఎవరు పెట్టాలో కూడా ముందే తేల్చుకో, ఎందుకంటే లెక్కలు నిజమని ఒకరు పూచీపడుతూ సంతకం చేయాలి.

అర్థం కాని ప్రశ్న ఏదైనా ఉంటే దాని నంబరు నాకు రాయి, నాకు తెలిసింది చెబుతాను. అంకెలు మాత్రం నాకు పంపకు. నేను మీ సరుకు కొనే వాళ్లలో ఒకడి దగ్గర పని చేస్తున్నాను. అవి నేరుగా కమిషన్‌కే వెళ్లాలి.

ఇట్లు,
నీ మూర్తి